1962 నివేదికను బయటపెట్టండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

1962 అక్టోబరు 20 తెల్లవారుజామున నేటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులోని నామ్‌కా చూ ఏటి లోయపై చైనా సైన్యం విరుచుకుపడింది. ఆ హిమాలయపు చలిలో మన జవాన్ల ఒంటిమీద ఉన్నవి నూలు దుస్తులు, కాళ్లకు కాన్వాసు బూట్లు. మనిషికి సుమారు 50 తూటాలు. వాళ్లను ఆ ఏటి ఒడ్డున అలా ఎందుకు నిలబెట్టారు?

ఆ యుద్ధంలో మన ఓటమిని పరిశీలించి ఇద్దరు సైన్యాధికారులు రాసిన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదిక 1963 నుంచి రహస్యంగానే ఉంది. సమాచార హక్కు కింద అడిగినా 2009లో నిరాకరించారు. 2014లో కొంత భాగం ఎలాగూ బయటికి వచ్చింది. ఇంకా దాచవలసినది ఏముంది?

ఆచూకీ తెలియని జవాన్ల కోసం గుమ్మం వైపు చూస్తూనే ఎందరో తల్లులు, భార్యలు కన్నుమూశారు. వారి పిల్లలూ ఇప్పుడు వృద్ధులే.

నివేదికను ఒక్క పుట కూడా తొలగించకుండా వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే సభ ముందుంచాలని సవినయంగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు