తగ్గని నడుం నొప్పికి ఒక రక్తపరీక్ష రాయండి

సంపాదకులకు నమస్కారం.

మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల యాభై దాటినవాళ్లు నడుం నొప్పి అన్నారంటే వయసు అంటారు, లేకపోతే డిస్క్ అంటారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుని మళ్లీ పొలానికో షాపుకో వెళ్లిపోతారు. చాలామందికి అది మామూలు నొప్పే. కొద్దిమందికి మాత్రం అది మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) వచ్చే కేన్సర్. తెనాలిలో మా బాబాయికి నెలల తరబడి సూదులే నడిచాయి, హిమోగ్లోబిన్ తగ్గితే ఐరన్ టానిక్ ఇచ్చారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి డయాలసిస్ దాకా వెళ్లాక గానీ రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, చేయించమని ఎవరూ చెప్పలేదు.

నా కోపమంతా ఇక్కడే. ఈ జబ్బులో కణాలు వదిలే ప్రోటీన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, దాని మీద ఈ నొప్పి మందులు ఇంకా పాడుచేస్తాయి. మామూలు మూత్రపరీక్ష స్ట్రిప్‌లో ఆ ప్రోటీన్ చాలాసార్లు కనపడదు, అందుకని అంతా బాగానే ఉందనుకుంటాం.

పోనీ వైద్యం లేని జబ్బా అంటే, కాదు. పూర్తిగా నయం కాదన్నది నిజమే, కానీ 2003లో అమెరికాలో అనుమతి వచ్చిన బోర్టెజోమిబ్ అనే మందు, దానితో లెనలిడోమైడ్, డెక్సామెథాసోన్ కలిపి కొన్ని నెలలు ఇస్తారు, తట్టుకోగలిగినవాళ్లకు సొంత మూలకణాలతోనే మార్పిడి చేస్తారు, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా లెనలిడోమైడ్ బిళ్లలు కొనసాగిస్తారు (బాగున్నాం కదా అని మధ్యలో మానేయకండి, దయచేసి). అమెరికా లెక్కల్లో అయిదేళ్లు దాటి బతికేవాళ్లు 1970ల్లో నూటికి పాతిక మంది చొప్పున ఉంటే ఇప్పుడు 60 మందికి పైనే. జెనరిక్ లెనలిడోమైడ్‌ను మన తెలుగువాళ్ల కంపెనీ నాట్కో కూడా తయారుచేస్తోంది. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లో కేన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఇన్ని ఉండి రోగి అక్కడికి కిడ్నీలు పోయాక చేరితే ఏం లాభం?

అందుకే ఆరోగ్యశాఖను అడుగుతున్నాను. యాభై దాటినవాళ్లకు వారాల తరబడి నడుం నొప్పి తగ్గకుండా, రక్తం తక్కువగానో క్రియాటినిన్, కాల్షియం ఎక్కువగానో ఉంటే, ఏరియా ఆస్పత్రిలోనే రక్తం తీసి ఎలక్ట్రోఫోరెసిస్‌కు పంపే ఏర్పాటు చేయండి. ఎమ్మారై స్కాన్ ఖర్చుతో పోలిస్తే ఆ పరీక్షకయ్యేది చాలా తక్కువ. మీరు కూడా మీ ఆరోగ్యం పేజీలో ఎముకల డాక్టర్లతో, కిడ్నీ డాక్టర్లతో దీని గురించి ఒకసారి రాయించండి.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు