ఔలీ టికెట్లు తీసే ముందు ఇది చదువు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒక్క ముక్క. "జనవరిలో పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఉత్తరాఖండ్‌లో ఔలీనా, కశ్మీర్‌లో గుల్మార్గా? అక్కడ మెషిన్లతో మంచు చేస్తారట కదా, నువ్వు ఐసు ఫ్యాక్టరీవాడివి, అది మంచిదేనా?" అన్నావు. అవుననో కాదనో చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, టికెట్లు తీసేది తనే కదా.

ఈ మంచు సంగతి నేను కొంతకాలంగా పట్టుకుని చదువుతున్నాను. దానికో కారణం ఉంది. ఆ మధ్య ఒకాయన మా ప్లాంటుకి వచ్చాడు. బీచ్ రోడ్డు వైపు ఏడాది పొడుగునా మంచు ఉండే హాలు కడతాడట, కూలింగ్ లెక్క వేసిపెట్టమన్నాడు. 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్ ఫోటోలు చూపించాడు. ఒక మాల్ లోపల 22,500 చదరపు మీటర్ల జాగా, బయట ఎడారి, లోపల సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు కింద. నేను మన ఊరి ఎండా, మన ఊరి ఉక్కా పెట్టి లెక్క వేశాను. తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలికొచ్చే తడి గాలిలోంచి ముందు నీరు పిండాలి, ఆ తర్వాతే చల్లబరచడం. ఆ పిండడానికే కరెంటు ఎంత పోతుందో మా బిల్లులు చూసేవాడికి తెలుస్తుంది. పైగా మేఘాద్రిగెడ్డ నీటిమట్టం ఎంతుందో పేపర్లో చూసుకుంటూ వేసవి గడిపే ఊరు మనది. ఆయనకి కాగితం చూపించి, ఈ పని నేను చెయ్యనని చెప్పేశాను. అప్పటి నుంచే అసలైన కొండల మీద వీళ్ళు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలనిపించింది.

మెషిన్ మంచు అంటే ఏమిటో ముందు చెప్తాను. మా కూలింగ్ టవర్ నీకు చూపించాను కదా. నీటిని తుంపరగా వదిలితే అందులో కొంత ఆవిరై, మిగతా నీటిని చల్లబరుస్తుంది. జూన్‌లో గాలి నిండా తేమ ఉన్న రోజున టవర్ మొరాయిస్తుంది. మేం రోజూ చూసుకునే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత ఉందే, అంటే గాలిలో తేమని కూడా కలిపి చూసే లెక్క, మంచు ఫిరంగుల (మంచు చిమ్మే మెషిన్ల) వాళ్ళు చూసుకునేదీ అదే. పంపుతో కొండ మీదికి నీళ్ళెక్కించి, గాలి ఒత్తిడితో సన్నటి తుంపరగా చిమ్ముతారు. కింద పడేలోపు అది గడ్డకట్టాలి. గాలి బాగా పొడిగా ఉంటే థర్మామీటరు సున్నాకి ఒక డిగ్రీ పైన ఉన్నా మంచు అవుతుంది. తేమగా ఉంటే రెండు డిగ్రీలు కిందికి దిగినా అవస్థే. కొన్నిచోట్ల నీళ్ళు తొందరగా గడ్డకట్టడానికి ఒక బాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్ కలుపుతారు. కొన్ని ప్రాంతాల వాళ్ళు అది వద్దని నిషేధించారు కూడా.

ఇక నీళ్ళు. ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మంచు పరవాలంటే సుమారు 10 లక్షల లీటర్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లు 100 అన్నమాట, ఒక్క హెక్టారుకి. ఆ నీళ్ళన్నీ పోతాయని కాదు. కొంత ఆవిరైపోయినా, ఎక్కువ భాగం ఎండాకాలం మొదట్లో కరిగి వాగులోకే చేరుతుంది. చిక్కల్లా నీళ్ళు తీసే సమయంలో ఉంది. చలికాలంలో కొండవాగులు బాగా సన్నబడి ఉంటాయి, మంచు మెషిన్లకి నీళ్ళు కావాల్సిందీ అప్పుడే. అందుకని ఆల్ప్స్‌లో కొండ మీదే చెరువులు తవ్వుతున్నారు. ఫ్రాన్స్‌లో లా క్లూజా అనే ఊళ్ళో ఇలాంటిదే ఇంకో చెరువు తవ్వుతామంటే జనం అడవిలో గుడారాలు వేసుకుని అడ్డం కూర్చున్నారు. 2022లో గ్రెనోబుల్ కోర్టు ఆ పనులు ఆపించింది. అదే ఏడాది బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా మెషిన్ మంచు మీదే నడిచాయి. చుట్టూ గోధుమరంగు కొండలు, మధ్యలో ఒక్క తెల్లటి చార. టీవీలో అది చూసి నువ్వే నాకు ఫోన్ చేసి ఆశ్చర్యపోయావు, గుర్తుందా?

అమెరికాలో ఆరిజోనా స్నోబౌల్ సంగతి చదివాక నాకు చాలా కష్టమనిపించింది. నీళ్ళు మిగల్చాలని అక్కడ 2012 నుంచి శుద్ధి చేసిన మురుగునీటితో మంచు చేస్తున్నారు. కాగితం మీద చూస్తే మంచి పనే, మంచినీళ్ళు మిగులుతాయి. కానీ ఆ శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు నవాహో, హోపీ లాంటి పదమూడు తెగలకి పవిత్రమైన చోటు. మా దేవుడి కొండ మీద మురుగునీళ్ళు చల్లుతారా అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు, ఓడిపోయారు. సింహాచలం కొండ మీద ఎవరైనా ఆ పని చేస్తే మన ఊరు ఊరుకుంటుందా? నీటి లెక్క ఒక్కటే సరిపోదురా, ఆ కొండ ఎవరిదో వాళ్ళని అడగాలి.

ఇవన్నీ చదివాక నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. రిసార్ట్ గదిలో "తువ్వాలు మళ్ళీ వాడండి, పర్యావరణాన్ని కాపాడండి" అని పెట్టే అట్టముక్క చూసి ఏదీ తేల్చుకోకు. మంచు పడని ఏడాది వాళ్ళు ఏం చేస్తారో చూడు. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

అలా మంచి దారి పట్టినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి రాయకపోతే అన్యాయం అవుతుంది. స్విట్జర్లాండ్‌లో దావోస్ వాళ్ళు చలికాలం చివర మంచుని గుట్టగా పోసి, దాని మీద 40 సెంటీమీటర్ల మందాన రంపపు పొట్టు కప్పేస్తారు. వేసవి అంతా గడిచినా దాదాపు ముప్పావు వంతు మంచు నిలుస్తుంది. అక్టోబరులో దాన్ని పరిచి స్కీ దారి వేసుకుంటారు. మన చిన్నప్పుడు కిళ్ళీ కొట్టులో ఐసు దిమ్మని పొట్టులో పెట్టి గోనెపట్టా కప్పేవారే, అచ్చం అదే. కరెంటు ఖర్చు లేని ఈ పద్ధతి చదివిన రోజు మా ప్లాంటులో అందరికీ చెప్పాను. అదే దేశంలో ఆండర్మాట్‌లో 2005 నుంచి హిమానీనదం మీద వేసవిలో తెల్లటి దుప్పట్లు పరుస్తున్నారు. అవి కప్పిన చోట కరగడం తగ్గుతుంది, నిజమే. కానీ అది లిఫ్టు దిగే చోటుకీ, స్కీ దారికీ సరిపోయే ముక్క. హిమానీనదాన్ని మొత్తం దుప్పటి కప్పి కాపాడలేం. బొలీవియాలో 5,400 మీటర్ల ఎత్తున చకల్తాయా అనే స్కీ కొండ ఉండేది, ప్రపంచంలోనే అన్నిటికంటే ఎత్తైనదని పేరు. 2009కల్లా దాని హిమానీనదం పూర్తిగా కరిగిపోయింది.

కరెంటు విషయంలో నాకు నచ్చినవి చెప్తాను. అమెరికాలో జిమినీ పీక్ అనే చిన్న రిసార్ట్ 2007లో సొంతంగా 1.5 మెగావాట్ల గాలిమర పెట్టుకుంది. స్విట్జర్లాండ్‌లో టెన్నా అనే పల్లెలో 2011లో సోలార్‌తో నడిచే స్కీ లిఫ్టు కట్టారు. అమెరికాలోనే ఆస్పెన్ అనే స్కీ రిసార్ట్ వాళ్ళు ఇంకా తెలివైన పని చేశారు. కొలరాడోలో ఒక బొగ్గు గనిలోంచి ఊరికే గాల్లోకి పోతున్న మీథేన్‌ని పట్టి, 2012 నుంచి 3 మెగావాట్ల కరెంటు తీయించారు. ఇరవై ఏళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు వేడెక్కిస్తుంది. తన ఇంటి కప్పు మీద నాలుగు ప్యానెళ్ళు పెట్టి ఫోటో దిగడం కంటే, పక్కవాడి గనిలో కారుతున్న గ్యాస్ ఆపడం పెద్ద పని అని ఎవరో కూర్చుని ఆలోచించారు చూడు, అదీ నాకు కావాల్సింది.

ఇవేవీ సరిపోవన్న మాట కూడా నీకు తెలియాలి. 2023లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో యూరప్‌లోని 2,234 రిసార్టుల లెక్క వచ్చింది. భూమి 2 డిగ్రీలు వేడెక్కితే వాటిలో 53 శాతానికి మంచు కొరత ముప్పు చాలా ఎక్కువట. 4 డిగ్రీలైతే 98 శాతానికి. సగం వాలు మీద మెషిన్ మంచు వేసుకున్నా 2 డిగ్రీల దగ్గర 27 శాతం ఇబ్బంది పడతాయి.

ఇప్పుడు నీ ప్రయాణం. ఔలీ ఎత్తు 2,500 నుంచి 3,050 మీటర్లు. 2011 జనవరిలో దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం అక్కడ మంచు మెషిన్లు పెట్టారు, నీళ్ళ కోసం కొండ మీద చెరువు కట్టారు. అయినా 2023 ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీలు మంచు చాలక రద్దయ్యాయి. అంతకు ముందు నెలలోనే కిందనున్న జోషీమఠ్ కుంగింది. ఎనిమిది వందలకు పైగా ఇళ్ళకి బీటలు వారాయి, ఔలీకి వెళ్ళే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆపేశారు. ఆ ఊరు పాత కొండచరియల మట్టి మీద ఉందనీ, బరువైన కట్టడాలు వద్దనీ 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. చెప్పినా హోటళ్ళు కట్టుకుంటూ పోయారు. చదువుతుంటే నాకు కడుపు రగిలిపోయిందిరా. 2019 జూన్‌లో ఔలీలో కోటీశ్వరుల ఇంటి పెళ్ళి జరిగితే క్వింటాళ్ళ కొద్దీ చెత్త మిగిలింది, హైకోర్టు 3 కోట్ల రూపాయలు డిపాజిట్ కట్టించింది. ఆ కొండ మీది పచ్చిక బయళ్ళని అక్కడివాళ్ళు బుగ్యాల్ అంటారు. చలికాలంలో నువ్వు స్కీ చేసే వాలు వేసవిలో వాళ్ళ పశువుల మేత. బుగ్యాళ్ళలో రాత్రి బస చేయొద్దని 2018లోనే ఆ కోర్టు చెప్పింది. ఎవరైనా నీకు "బుగ్యాల్ మధ్యలో టెంట్" అని అమ్మజూపితే వద్దను.

గుల్మార్గ్‌ది వేరే కథ. అక్కడ ప్రధానంగా ఆకాశం నుంచి పడే మంచు మీదే ఆధారం. గొండోలాలో, అంటే కేబుల్ కారులో, దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. 2024 జనవరిలో అక్కడ నేల కనిపించింది. 2025 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు లేక వాయిదా వేసి, మార్చిలో మంచు పడ్డాక జరిపించారు. ఆ వాయిదా నాకు చాలా నచ్చింది. కొండ సిద్ధమయ్యేదాకా మనిషి ఆగాడు.

అందుకని నా మాట గుల్మార్గ్. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఫ్రాన్స్ రిసార్టుల కర్బన లెక్క తీస్తే సగానికి పైగా వాటా జనం వచ్చిపోయే ప్రయాణాలదే. ఫిరంగులూ లిఫ్టులూ కాదు, మన కార్లూ విమానాలూ. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ ఊళ్ళోకి అసలు పెట్రోలు కార్లు రానివ్వరు, కింద ఊళ్ళో వదిలేసి రైలెక్కాలి. మనకి 2025 జూన్ నుంచి చీనాబ్ వంతెన మీదుగా కట్రా నుంచి శ్రీనగర్‌కి రైలు నడుస్తోంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి కట్రా, ఆ పైన వంతెన. పిల్లలకి స్కీ కంటే ఆ వంతెనే ఎక్కువ గుర్తుండిపోతుందేమో. రెండు రోజులకని విమానంలో వెళ్ళి గబగబా తిరిగొచ్చే బదులు, సెలవు కాస్త పెంచుకుని వారం ఉండండి. కోచ్ దగ్గర నిదానంగా నేర్చుకుంటే పిల్లలకి దెబ్బలు కూడా తక్కువ తగులుతాయి.

ఔలీయే అని చెల్లెమ్మ పట్టుబడితే, జోషీమఠ్ నుంచి మలారి వెళ్ళే దారిలో రైణీ అనే ఊరికి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళు. 1974 మార్చిలో గౌరాదేవి, ఊరి ఆడవాళ్ళూ చెట్లని కౌగిలించుకుని గొడ్డళ్ళకి అడ్డం నిలబడింది అక్కడే. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ వరద విరుచుకుపడిందీ ఆ ఊరి పక్కనే. రెండు వందల మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. మంచు కొండంటే ఆట స్థలం మాత్రమే అని పిల్లలు అనుకోకూడదు.

గది బుక్ చేసే ముందు హోటల్‌వాడిని నా తరఫున అడుగు: నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు, మురుగు ఎక్కడికి పోతుంది, గది వేడికి డీజిల్ జనరేటరా, లైన్ కరెంటా. తడుముకోకుండా చెప్పేవాడి దగ్గర దిగు. స్కీలూ బూట్లూ కొనకు, అద్దెకి తీసుకో, పిల్లల పాదాలు ఏడాదికో సైజు పెరుగుతాయి. స్కీలకి రాసే మైనంలో ఫ్లోరిన్ రసాయనాలుండేవి, అవి మట్టిలో ఏళ్ళ తరబడి పోవు. అంతర్జాతీయ పోటీల్లో 2023-24 సీజన్ నుంచి వాటిని పూర్తిగా నిషేధించారు. అద్దె షాపులో ఏం రాస్తున్నారో అది కూడా అడుగు. స్కీకి తెరవని వాలుల్లో, చెట్ల మధ్యకి దూరి స్కీ చేయొద్దని పిల్లలకి చెప్పు. చలికాలంలో అడవి పక్షులూ జంతువులూ ఉన్న కాస్త శక్తితో బతుకుతాయి, బెదిరి పరుగెడితే అదీ ఖర్చైపోతుంది.

ఇదంతా నేను దూరపు సంగతిలా చదవడం లేదు. డిసెంబరు వస్తే లంబసింగి దారిలో కార్ల బారు ఎలా ఉంటుందో నువ్వూ చూశావు. గడ్డి మీద పేరుకున్న తెల్లటి మంచు చూడటానికి వెళ్ళి, ఆ గడ్డి మీదే ప్లేట్లూ సీసాలూ పారేసి వస్తున్నారు. వంజంగిలో మబ్బులు చూసే గుట్టదీ అదే గతి. బండ్లు కింద ఆపేసి ఊరి కుర్రాళ్ళు నడిపే వ్యాన్లలో పైకి పంపాలని, గుడారాలకి ఒక లెక్క పెట్టాలని ఒక అర్జీ రాస్తున్నాను. మన చదువుకునే రోజుల్లో అర్జీలు నీ చేతిరాతలోనే వెళ్ళేవి, ఈసారి కూడా నువ్వే దిద్దిపెట్టాలి. ముసాయిదా ఈ ఉత్తరంతో పాటే పెడుతున్నాను. సంక్రాంతికి వచ్చేలోపు మార్పులు రాసి పంపు. ఏ రైలు ఖాయం చేశారో చెల్లెమ్మని నాకు ఫోన్ చేయమను.

పిన్నికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
అప్పలరాజు