క్యాపులే దిక్కా?

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో 22 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే తెంపుతాను. మా టైలర్లలో చాలామందికి ఉన్న జబ్బే ఇది. అట్లా ముందు పన్ను అంచుకు చిన్న గాడి పడింది. మొన్న సంక్రాంతికి సకినం కొరికితే ఆ గాడి పక్కనే బియ్యపు గింజంత పెచ్చు ఊడింది. ఇక నాలుక పొద్దస్తమానం అక్కడికే పోయేది.

మొదట చూపించుకున్న క్లినిక్‌లో రెండు పళ్లు అరగదీసి క్యాపులు వేయాలన్నారు. 14,000 రూపాయలు! పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రింబవళ్లు మిషన్ తొక్కితే మిగిలేది అంత. టెన్షన్‌తో ఆ పూట అన్నం సహించలేదు.

మా ఆడపడుచు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ఎక్స్‌రే తీసి, దెబ్బ నరం దాకా పోలేదని చెప్పింది. గరుకు అంచును చిన్న డిస్క్‌తో నున్నగా చేసి, ఊడిన చోట పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ముద్ద పెట్టి, నీలం లైటుతో గట్టిపరిచింది. మత్తు సూది కూడా వేయలేదు. పంటి పైపొర అయిన ఎనామిల్‌లో నరాలుండవట. కానీ ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్లీ పెరగదని, ఎక్కువ తీస్తే చల్లనీళ్లకు పన్ను జివ్వుమంటుందని ఆమే చెప్పింది.

ఈ ముక్క మొదటి క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు. పన్ను ఎంత తీస్తారు, వేరే దారి ఉందా, ఖర్చెంత అనేది ముందే తెలుగులో రాసిచ్చేలా వైద్యాధికారులు చూడాలి.

ఇప్పుడు దారం కత్తెరతోనే తెంపుతున్నాను, గుర్తున్నప్పుడు.

– ఒక టైలర్, హన్మకొండ