వార్షిక నివేదిక: ప్రార్థనా స్థలాలు, పౌర జీవితం – అధ్యయన బృందం ఏడాది పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు ఒక తీర్మానం చేశారు. మన చుట్టూ ఉన్న గుళ్లకు, మసీదులకు, చర్చిలకు వచ్చే జనం ఊరుమ్మడి పనుల్లో ఎంతవరకు పాలుపంచుకుంటున్నారో మనమే అడిగి తెలుసుకోవాలన్నది అందులోని సారం. బయటి పరిశోధకులను పిలవకూడదని, అడిగేవాళ్లూ జవాబిచ్చేవాళ్లూ ఒకే చోటివాళ్లై ఉండాలని షరతు కూడా పెట్టారు. ఆ పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికే ఈ నివేదికలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. ఇతర ఉపసంఘాలవారు మన్నించాలి.

ముందుగా ఒప్పుకోవలసిన సంగతి: మా మొదటి ప్రశ్నావళి పనికిరాలేదు. ‘మీ సంఘంలో సభ్యులు ఎంతమంది?’ అన్నది అందులో మొదటి ప్రశ్న. చర్చిలో సభ్యత్వ పుస్తకం తెరిచి చెప్పేశారు. మసీదులో కమిటీ పెద్ద ‘శుక్రవారం వచ్చేవాళ్లా, ఐదు పూటలా వచ్చేవాళ్లా?’ అని మమ్మల్నే అడిగారు. గుడిలో ఆ ప్రశ్నకు అర్థమే లేకపోయింది. గుడికి భక్తులుంటారు, ధర్మకర్తలుంటారు, ఉత్సవ కమిటీ ఉంటుంది. సభ్యులనేవాళ్లు ఉండరు. ఒక మతం కొలబద్దతో అన్ని మతాలనూ కొలవబోయామని అప్పుడు తెలిసింది. మేము ఆధారంగా పెట్టుకున్న అధ్యయనాలు చాలావరకు అమెరికా చర్చిల చుట్టూ జరిగినవే కాబట్టి, ఆ ముద్ర మా ప్రశ్నల్లోకీ దిగింది. రెండోసారి వెళ్లినప్పుడు ‘ఇక్కడ పనులు ఎవరెవరు చేస్తారు? వాళ్లను ఎవరు పిలుస్తారు?’ అని అడిగాం. అప్పుడుగానీ మాటలు సాగలేదు.

ఈ కొత్త ప్రశ్న మా సొంత తెలివి కాదు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్తలు సిడ్నీ వెర్బా, కే ష్లోజ్‌మన్, హెన్రీ బ్రాడీ 1995లో ప్రచురించిన అధ్యయనాన్ని బృందమంతా కూర్చుని చదివాం. సమావేశం నడపడం, ఉత్తరం రాయడం, నలుగురిలో లేచి మాట్లాడటం వంటివి పౌర జీవితానికి కావలసిన నేర్పులని వాళ్లు లెక్కించారు. ఉద్యోగంలో ఆ నేర్పులు పై హోదాలో ఉన్నవారికే ఎక్కువగా అబ్బుతాయి. చర్చిలో మాత్రం చదువూ డబ్బూ అంతగా లేనివారికి కూడా ఆ అవకాశం దొరుకుతుందని వాళ్లు తేల్చారు. అయితే అన్ని చర్చిల్లోనూ సమానంగా కాదు. సామాన్యులకు బాధ్యతలు ఎక్కువగా అప్పగించే ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఆ అభ్యాసం కేథలిక్ చర్చిల్లో కంటే ఎక్కువ. అదే దేశానికి చెందిన రాబర్ట్ పుట్నమ్, డేవిడ్ క్యాంప్‌బెల్ 2006లో సర్వే కోసం మాట్లాడిన అమెరికన్లలో చాలామందిని 2007లో మళ్లీ కలిసి, 2010లో ఫలితాలు వెలువరించారు. ఒక మనిషి ఇరుగుపొరుగుకు సాయపడతాడా లేదా అన్నది అతని విశ్వాసం ఎంత గాఢమైనదన్న దాని మీద కాక, ప్రార్థనా స్థలంలో అతనికి ఎంతమంది స్నేహితులున్నారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుందని వాళ్లకు కనిపించింది.

ఇది చదివాక మా చూపు వేదిక మీద నుంచి వెనుక వరుసల్లోకి మళ్లింది. ఒకచోట కమిటీ అధ్యక్షుడు గంటసేపు మాట్లాడి, తమ సేవా కార్యక్రమాల ఫొటోలు చూపించారు. బయటికి వచ్చాక చెప్పుల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడను మా సభ్యురాలు పలకరించింది. పండుగ రోజుల్లో ఎవరు ఏ పని చేయాలో పంచేది ఆవిడే. కమిటీలో పేరు లేదు. ‘నాకేమి తెలుసమ్మా, పేర్లు రాసుకుంటాను, అంతే’ అన్నారు. మాటల్లో మాటగా బయటపడిందేమిటంటే, వీధి కాలువ బాగుచేయమని అధికారులకు ఇచ్చిన అర్జీ మీద సంతకాలు పెట్టించింది కూడా ఆ నోటుపుస్తకంలోని పేర్లవాళ్ల చేతనే. అధ్యక్షుడు మాకు ఆ అర్జీ సంగతే చెప్పలేదు. బహుశా ఆయన దృష్టిలో అది సేవ కాదు. ఆవిడ దృష్టిలోనూ కాదు. ఇలాంటి నోటుపుస్తకాలు ఇంకెన్ని ఉన్నాయో వెతకడమే ఏడాది రెండో సగంలో మా ముఖ్యమైన పనిగా మారింది.

లెక్కల దగ్గర బృందంలో గట్టి వాదనే జరిగింది. సర్వేల్లో ‘ఈ వారం ప్రార్థనకు వెళ్లారా?’ అంటే అమెరికాలో దాదాపు 40 శాతం మంది వెళ్లామనేవారు. సి. కిర్క్ హాడవే, పెన్నీ మార్లర్, మార్క్ చేవ్స్ 1993లో చర్చిల్లో తలలు లెక్కించిన వివరాలతో పోల్చి చూస్తే, అసలు హాజరు అందులో ఇంచుమించు సగమే. జనం అబద్ధమాడారని అనలేం. ‘నువ్వు వెళ్లే మనిషివేనా?’ అని అడిగినట్టు విని, అవునన్నారు. మరి మనమూ గుమ్మం దగ్గర నిలబడి లెక్కించాలా? అలా చేస్తే నిఘా పెట్టినట్టుంటుందని కొందరు, లెక్కించకపోతే చెప్పుకున్న గొప్పలే మిగులుతాయని మరికొందరు వాదించారు. ముందుగా అందరికీ చెప్పి, అనుమతి ఇచ్చిన చోటే లెక్కించాలని తేల్చుకున్నాం. ఒకచోట వద్దన్నారు. వచ్చేశాం. నా మట్టుకు అదే సరైన నిర్ణయం.

ఇంకొక పొరపాటు ఆలస్యంగా పట్టుబడింది. ఇంటింటికీ వెళ్లి ‘మీరు ఎక్కడికి వెళ్తారు?’ అని అడిగి మా జాబితా తయారుచేశాం. అందులో పెద్ద పెద్ద ప్రార్థనా స్థలాలే నిండిపోయాయి. మార్క్ చేవ్స్ అమెరికా ప్రార్థనా స్థలాల మీద 1998లో మొదలుపెట్టిన జాతీయ అధ్యయనంలో కూడా ఇదే పద్ధతి. సర్వేలో జవాబిచ్చినవారు చెప్పిన స్థలాలనే నమూనాగా తీసుకున్నారు. పెద్దవి ఎక్కువగా దొరుకుతాయని ముందే తెలుసు కాబట్టి లెక్కల్లో సరిచేసుకున్నారు. అలా సరిచేశాకే అసలు చిత్రం కనబడింది. సగం చర్చిలకు క్రమంగా వచ్చేవాళ్లు 75 మందికి మించరు, కానీ చర్చికి వెళ్లే జనంలో ఎక్కువమంది కనిపించేది పెద్ద చర్చిల్లోనే. మేము సరిచేసుకోలేదు. అందుకే మళ్లీ సందులన్నీ నడిచి, అద్దె గదుల్లో నడిచే చిన్న ప్రార్థనా బృందాలను కూడా జాబితాలో చేర్చాం. నడిచి తెలుసుకోవడం పాత పద్ధతే. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ 1896–97లో అమెరికా నగరం ఫిలడెల్ఫియాలోని ఏడో వార్డులో ఇంటింటికీ తిరిగి నల్లజాతివారి జీవితాన్ని, అందులో చర్చి స్థానాన్ని నమోదు చేశాడు.

మాకు నచ్చని సంగతి కూడా రాయాలి. ప్రతి సమూహమూ లోపల గట్టిగానే ఉంది, సమూహాల మధ్య మాత్రం ఉమ్మడి పని దాదాపు కనబడలేదు. రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నేయ్ హిందూ–ముస్లిం ఘర్షణల మీద 2002లో వెలువరించిన పరిశోధనలో మూడు జంటల నగరాలను పోల్చాడు: అలీగఢ్–కాలికట్, హైదరాబాద్–లక్నో, అహ్మదాబాద్–సూరత్. ఇరుగుపొరుగు పలకరింపుల కంటే రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే సంఘాలే ఉద్రిక్తతల సమయంలో ఎక్కువగా నిలబడతాయని అతని వాదన. పలకరింపులు మాకు బోలెడు దొరికాయి. కలిసి నడిపే సంఘాలు దొరకలేదు. ‘మన సంఘమే అలాంటిది కదా’ అని ఒక సభ్యుడు అన్నారు. మన సభ్యుల జాబితా తీసి చూశాం. ఆ మాట గట్టిగా అనలేకపోయాం.

రాసిందంతా ప్రచురించే ముందు ఆయా చోట్లకు తీసుకువెళ్లి చదివి వినిపించాం. ఒక కమిటీ ఒక వాక్యాన్ని తీసేయమంది. తీయలేదు. వాళ్ల అభ్యంతరాన్ని దాని కిందే వాళ్ల మాటల్లోనే చేర్చాం.

ఇతర కార్యక్రమాలు యథాప్రకారం జరిగాయి. గ్రంథాలయం సాయంత్రాలు తెరిచే ఉంది. రక్తదాన శిబిరం వర్షం వల్ల ఒకసారి వాయిదాపడి, తరువాత జరిగింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మీరు తేల్చవలసినది ఒకటి మిగిలింది. సంభాషణల రికార్డింగులు మన దగ్గర ఉన్నాయి. పని అయిపోయింది కాబట్టి చెరిపేయాలని బృందంలో సగం మంది అంటున్నారు. మాట్లాడినవాళ్లనే అడిగి, ఉంచమన్నవాళ్లవి ఉంచాలని మిగతావాళ్లు అంటున్నారు. పెద్దావిడను అడిగితే ‘ఉంచుకోండి, కానీ అధ్యక్షుడికి వినిపించవద్దు’ అన్నారు. ఈ అంశాన్ని ఓటింగుకు పెడుతున్నాను.

– కార్యదర్శి