కార్డు పట్టుకుని కటక్ దాకా

పర్లాకిమిడి,
ఆదివారం

ఒరే సత్యం,

మొన్న రాత్రి నీ ఫోన్ మధ్యలో కట్టయిపోయింది. మళ్ళీ చేద్దామనుకున్నా గానీ, ఫోన్లో చెబితే నువ్వు సగం విని, ఆ సగం మీ బావమరిదికి ఇంకోలా చేరవేస్తావు. నీ సంగతి నాకు తెలీదా! అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫొటో తీసి గుణుపురం పంపించు, వాళ్ళే చదువుకుంటారు.

మీ బావమరిది కాలి గాయానికి "ఆయుష్మాన్ కార్డు తీసుకునే ప్లాస్టిక్ సర్జన్ పేరు చెప్పు" అన్నావు. తిరకాసంతా అక్కడే ఉంది. ప్రభుత్వం ఖర్చు భరించే ఆ కార్డుని ఒప్పుకోవాల్సింది ఆసుపత్రి. అదీ అన్ని జబ్బులకీ కాదు, ఒక్కో విభాగానికి విడిగా అనుమతి ఉంటుంది. గుండెకి ఉన్న చోట కాలిన గాయాలకి ఉండకపోవచ్చు. గేటు మీద మాత్రం పథకం బోర్డు ఒక్కటే, నిలువెత్తు అక్షరాల్లో. డాక్టరుగారు ఎంత హస్తవాసి ఉన్నవాడైనా ఆయన కూర్చున్న ఆసుపత్రికి ఆ విభాగం లేకపోతే మన కార్డు ఆయన దగ్గర చెల్లదు. కాబట్టి పేర్లు వెతకడం మానేసి, ముందు విభాగం వెతకండి.

మా చెల్లెలి కూతురు చిన్ని గుర్తుందిగా? గంజి వారుస్తుంటే గిన్నె జారి కుడిచెయ్యి కాలింది. పుండు మానింది, అమ్మయ్య అనుకున్నాం. అసలు కథ అప్పుడు మొదలైంది. మానుతున్నకొద్దీ చర్మం బిగుసుకుంటూ వచ్చి, చివరి మూడు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. వేళ్ళు చాపి ఉంచేలా స్ప్లింట్ కట్టాలని కట్లు కట్టినచోట ఎవరూ చెప్పలేదు. పిల్ల పెన్సిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, చెయ్యి మొత్తం కదిపి రాసేది. 'అ' రాయడానికి భుజం కూడా తిరిగేది. చూడలేకపోయేవాళ్ళంరా.

మన పర్లాకిమిడి వాళ్ళకి పెద్ద డాక్టరంటే విశాఖపట్నమే కదా. మా చెల్లెలి అత్తగారు అదే పట్టు పట్టింది. సరే అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం, పేరెందుకులే. కౌంటర్లో అమ్మాయి కార్డు తీసుకుంది, కంప్యూటర్లో చూసింది, నవ్వుతూనే, "గుండెకైతే చేస్తామండీ, దీనికి మాత్రం డబ్బు కట్టాలి" అంది. పైగా పక్కనున్నాయన "మచ్చలకి గవర్నమెంటు డబ్బులిస్తుందా అండీ, అదంతా అందం కోసం చేయించుకునేది కదా" అన్నాడు. మా బావకి ఒళ్ళు మండిపోయింది.

ఆయన మాటలో పావలా వంతు నిజం ఉంది. అందం కోసం చేసే ఆపరేషన్లకి పథకం డబ్బులివ్వదు. ముక్కు సన్నగా చెయ్యడం, పొట్ట కొవ్వు తియ్యడం లాంటివి సొంత ఖర్చే. కానీ చెయ్యి తెరుచుకోకపోవడం అందం సంగతా? ఆయుష్మాన్ ప్యాకేజీల పట్టికలో కాలిన గాయం వల్ల ముడుచుకుపోయిన అవయవం మళ్ళీ పనిచేసేలా చేసే ఆపరేషన్ ఉంది. స్ప్లింటు, ప్రెషర్ గార్మెంటు (బిగుతు తొడుగు), మచ్చ మీద వేసే సిలికాన్ షీటు, ఫిజియోథెరపీ కలిపే ఆ ప్యాకేజీ. ఈ ముక్క చాలామందికి తెలీదు, బయట కొనుక్కుంటారు. అందుకే డాక్టరు రాసే కాగితంలో "మచ్చ" అని ఊరుకోకుండా, ఏ వేలు ఎంత వంగింది, ఏ పని చెయ్యలేకపోతోంది అనేది ఉండాలి. అనుమతికి పంపేటప్పుడు ఫొటోలు కూడా అడుగుతారు. మా చెల్లెలు పిల్ల చేత గ్లాసు పట్టించి తీసింది. పట్టుకోలేక గ్లాసు జారిపోతున్న ఫొటో ఒక్కటి చాలు, వంద మాటలక్కర్లేదు.

పథకం సంగతి కూడా కొంచెం గందరగోళంగా ఉంది, అది విప్పి చెబుతా. మన ఒడిశాలో 2018 ఆగస్టు 15 నుంచి బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన ఉండేది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ అదే ఏడాది సెప్టెంబరు 23న మొదలైనా, మనవాళ్ళు అందులో చేరలేదు. 2025 జనవరిలో ఒప్పందం కుదిరింది, ఏప్రిల్ 11న కటక్‌లో మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయుష్మాన్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన అంటున్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు అదనం. పాత జబ్బు, పాత దెబ్బ అని తోసిపుచ్చడానికి లేదు. మనలాంటి సరిహద్దు వాళ్ళకి పెద్ద లాభం ఇంకోటుంది. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ పనిచేస్తుంది, పథకంలో ఉన్న ఆసుపత్రి అయితే చాలు.

మరి విశాఖ వదిలి కటక్ ఎందుకెళ్ళామంటావా? బరంపురంలో మాకు తెలిసిన ఓ కాంపౌండరుగారు అన్నాడు, "బాబూ, ఇలాంటి చేతులు రోజూ చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఏసీ చూసి వెళ్ళకండి" అని. కటక్ ఎస్సీబీ మెడికల్ కాలేజీలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కాలిన గాయాలకీ, ప్లాస్టిక్ సర్జరీకీ కలిపి విభాగం ఉంది. విశాఖలోనే ఉండాలనుకుంటే సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో కూడా ఉంది, కార్డు సంగతి ముందే కనుక్కుని వెళ్ళండి. ఆయుష్మాన్ వెబ్‌సైట్‌లో ఆసుపత్రుల జాబితా తెరిస్తే రాష్ట్రం, జిల్లా, విభాగం ఎంచుకోవచ్చు. ఆ మూడోది ఎంచుకోకుండా వదిలేస్తారు చాలామంది. నెట్ రాకపోతే 14555కి ఫోన్ చెయ్యమను. డాక్టరు బోర్డు మీద "ఎంసీహెచ్, ప్లాస్టిక్ సర్జరీ" గానీ, అదే శాఖలో డీఎన్‌బీ డిగ్రీ గానీ ఉందో లేదో చూడమను. ఈమధ్య సందుకో "కాస్మెటిక్ క్లినిక్" వెలుస్తోంది, జుట్టు నాటేవాడు కూడా సర్జనే.

కటక్‌లో మాకు తలప్రాణం తోకకొచ్చింది ఆపరేషన్ దగ్గర కాదు, పేరు దగ్గర. మన ఇళ్ళ బాధ నీకు తెలిసిందే. రేషన్ కార్డులో ఒడియా గుమాస్తా తనకి వినిపించినట్టు రాసుకుంటాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో వెనక, బళ్ళో అసలు లేదు. మా చిన్ని అసలు పేరు మూడు కాగితాల్లో మూడు రకాలు! ఆసుపత్రిలో పథకం కాగితాలు చూసే స్వాస్థ్య మిత్ర డెస్కులో కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. పైగా వేలిముద్ర పెట్టమంటే ఆ చెయ్యి తెరుచుకుంటేగా! ఎడమచేతి ముద్ర తీసుకున్నాడు. మీ వాళ్ళు బయల్దేరేముందే రేషన్ కార్డులో మీ బావమరిది పేరుందా, ఆధార్‌తో కలుస్తోందా, కేవైసీ (మనిషిని గుర్తించే తనిఖీ) అయ్యిందా చూసుకోమను. కటక్ వెళ్ళాక గుణుపురం కాగితం తెప్పించాలంటే చెప్పులరిగిపోతాయి.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బిగిసిన చర్మం కోసి వేళ్ళు చాపి, ఖాళీ పడిన చోట తొడ చర్మం పల్చగా తీసి అతికించారు. చేతికంటే తొడే ఎక్కువ మండిందట పిల్లకి. తర్వాత నెలలే అసలు పరీక్ష. రాత్రుళ్ళు స్ప్లింటు, పగలు బిగుతు తొడుగు, రోజూ వేళ్ళు వంచడం, చాపడం. మానేస్తే మళ్ళీ ముడుచుకుంటుందని డాక్టరమ్మ ముందే బెదిరించింది. రాకపోకలు, మా తిండి, బస మాత్రం మా జేబులోంచే పోయాయి, పథకం అది ఇవ్వదు. ఇప్పుడు చిన్ని పెన్సిలు సరిగ్గానే పడుతోంది, చిటికెనవేలు కొంచెం వంకర ఉండిపోయింది. ఇంకోసారి చెయ్యొచ్చంటున్నారు, పిల్ల వద్దంటోంది.

ఇక మీ బావమరిది. మాది ఆగి చేయించుకోగలిగిన పని, మీది కాదు. బైకు పడి, రాడ్డు వేసి, పైన చర్మం పోయి ఎముక కనబడుతోందన్నావు. ఎముక అలా బయటికి ఉన్నకొద్దీ చీము లోపలికి దిగుతుంది, అప్పుడు రాడ్డు కూడా తీసేయాల్సి రావచ్చు. "మానుతుందిలే, కట్లు కట్టించుకుంటున్నాం" అని కూర్చోవద్దను. ఎముక మీద పల్చటి చర్మం అతికిస్తే పట్టదు, రక్తం సరఫరా ఉన్న కండతో కప్పాలి, ఫ్లాప్ అంటారు. దెబ్బ మోకాలి కింద పైభాగంలోనో మధ్యలోనో అయితే మామూలుగా పిక్క కండనే తిప్పి కప్పేస్తారు. చీలమండ వైపు కిందికి ఉంటే పని కష్టం. ఒంట్లో ఇంకోచోటి నుంచి కండని రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద కుట్టాల్సి రావచ్చు. అది అన్నిచోట్లా చెయ్యరు. కాబట్టి ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలూ అడగాలి: ఈ కార్డు మీద ప్లాస్టిక్ సర్జరీ చేస్తారా, మైక్రో సర్జరీ చేసే డాక్టరున్నాడా. ఎముకల డాక్టరు కూడా అదే ఆసుపత్రిలో ఉంటే ఇంకా మంచిది, ఇద్దరూ కలిసి చూడాలి. రాడ్డు వేసినచోట డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు అడిగి తీసుకోమను. అడక్కపోతే ఇవ్వరు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకు. వాడు బీడీ మానాలి. రేపట్నుంచి కాదు, ఇవాళే. పొగాకు రక్తనాళాలని కుంచించేస్తుంది, అతికించిన కండ నల్లబడి చచ్చిపోవచ్చు. చిన్ని పక్క మంచం ఆయనకి అచ్చం అదే జరిగింది, బాత్రూంలో దాక్కుని తాగేవాడు. మీ చెల్లాయి చెబితే వినడేమో, నువ్వే నాలుగు తిట్టు.

గాయం ఫొటో, ఎక్స్‌రే ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. స్వాస్థ్య మిత్ర కుర్రాడి నంబరు నా దగ్గరుంది, అక్కడ ఏ రోజు ఓపీ ఉంటుందో కనుక్కుంటాను. గుణుపురం రైలు మా ఊరి మీదుగానే కదా వచ్చేది, ఏ రోజు బయల్దేరుతున్నారో చెబితే నేనూ ఇక్కడ ఎక్కేస్తాను. పక్క మనిషిగా మీ మావగారిని మాత్రం పంపకు, ఆయన్ని చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

నీ
రాము