గ్రాఫులో తేడా అంతా పంటది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆహార నాణ్యతను మెటబాలోమిక్స్‌తో, అంటే అందులోని వేలాది చిన్న రసాయనాలను ఒకేసారి కొలిచే పద్ధతితో, ఇట్టే తేల్చేయవచ్చన్న వార్తలు తరచూ చదువుతున్నాను. నేను ల్యాబ్‌లో చేసేది ఆ పనే. టమాటా ముక్కను కోసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతాం. ఆలస్యమైతే ఎంజైములు లోపలి పదార్థాలను మార్చేస్తాయి. గాజుపెంకులా గట్టిపడిన ఆ ముక్కను పొడి చేసి, సారం తీసి, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రానికి ఇస్తే వేల సంకేతాలు వస్తాయి. చాలావాటికి పేరే తెలియదు.

ఒకసారి ఒక రకం నమూనాలన్నీ మొదటి రోజు, రెండో రకం మర్నాడు పెట్టాను. గ్రాఫులో రెండు గుంపులు చక్కగా విడిపోయాయి. ఎంత సంబరపడ్డానో! తీరా చూస్తే, అన్నింటినీ కలిపి చేసి, రెండు రోజులూ పెట్టిన ఒకే తనిఖీ నమూనా కూడా రోజును బట్టి విడిపోయింది. తేడా టమాటాది కాదు, యంత్రానిది. పనంతా మళ్లీ మొదటి నుంచి చేశాను.

లెక్కల్లోనూ ఇంతే. తేడా లేకున్నా ఉన్నట్టు కనిపించే అవకాశాన్ని 5 శాతం వరకు ఒప్పుకునే హద్దుతో 1000 పదార్థాలను పోలిస్తే, అసలు తేడా లేకపోయినా సుమారు 50 ఊరికే తేడా చూపిస్తాయి. దయచేసి ఇలాంటి వార్తల్లో నమూనాలెన్ని, రకాలవారీగా వేర్వేరు రోజుల్లో కాక వాటి వరుసను కలగలిపి పరీక్షించారా, ఫలితాన్ని మరో పంటపై సరిచూశారా అన్నది రెండు వాక్యాల్లోనైనా రాయండి.

– ఒక ల్యాబ్ ఉద్యోగిని