వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ: మా అమ్మాయిని పరీక్షలు రాయనివ్వండి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

మీ కార్యాలయంలో ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

క్యాంపస్‌లో చెట్లు నరకొద్దంటూ తోటి విద్యార్థులను కూడగట్టిందని మా అమ్మాయిని సస్పెండ్ చేశారు. నోటీసులో 'క్రమశిక్షణారాహిత్యం' అని ఉంది, ఏం చేసిందో మాత్రం లేదు. ప్లకార్డు పట్టుకుని గేటు పక్కన కూర్చుంది, అంతే. 2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు వాతావరణ మార్పుపై పదిహేనేళ్ల గ్రెటా థన్‌బర్గ్ చేసిందీ అదే. అంత దూరం ఎందుకు? 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విద్యార్థులు గొంతెత్తారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపించింది.

డిగ్రీలో పర్యావరణ పాఠం తప్పనిసరి అయిందీ సుప్రీంకోర్టు ఆదేశంతోనే. ఆ పేపర్లో మా అమ్మాయికి మంచి మార్కులే ఇచ్చారు మీరు.

హాస్టల్ ఖాళీ చేయించాక ఇంట్లో సరిగా తినడం లేదు. 2021 ఫిబ్రవరిలో బెంగళూరులో 22 ఏళ్ల పర్యావరణ కార్యకర్త దిశా రవిని టూల్‌కిట్ (రైతుల ఉద్యమానికి మద్దతుగా ఆన్‌లైన్‌లో తిరిగిన పత్రం) కేసులో అరెస్టు చేసిన సంగతి తలుచుకుని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. నాకూ భయమే, దాచను.

సస్పెన్షన్ రద్దు చేసి, సెమిస్టర్ పరీక్షలకు హాల్ టికెట్ ఇవ్వండి. కుదరదంటే, ముందు మా అమ్మాయి మాట విని, కారణం రాతపూర్వకంగా తెలపండి. ఫీజు గడువులోపు జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి